దొరగారి తొమ్మిది బాతులు

నాకు నవ్వొస్తే ఆగదు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు దీన్నొక జబ్బుగా లెక్కేసి నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేయించింది. ముప్పై నాలుగేళ్ళు గవర్నమెంటాసుపత్రిలో నర్సుగా చేశాను. సూది గుచ్చుతూ కూడా నవ్వేదాన్ని, పేషెంట్లకి అదే నచ్చేది. మా ఆయన దేవదానం గారికి మాత్రం నచ్చేది కాదు. "దొరగారింటి కోడలు అలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వకూడదు లీలా" అనేవారు. నలభై ఆరేళ్ళుగా అంటూనే ఉన్నారు.

దొరగారంటే పెగ్లర్ దొర. మా ఆయన ముత్తాతకి తండ్రి. ఇంగ్లండులో పుట్టి, ఓడెక్కి మా బందర్లో దిగి, శాంతమ్మ అనే ఇక్కడి పిల్లని కట్టుకుని, ఇక్కడే పోయాడు. చర్చి వెనక సమాధి ఉంది. రాతి మీద పేరు, పుట్టిన ఊరు, పోయిన సంవత్సరం 1851 అని చెక్కారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. తెలియని ఖాళీలన్నీ మా ఆయన పూరించారు. దొర సువార్త చెప్పడానికొచ్చాడట. బైబిలు పట్టుకుని గుడివాడ దాకా నడిచి వెళ్ళాడట. మందు ముట్టలేదట, అబద్ధమాడలేదట. మా ఆయన హైస్కూల్లో సోషల్ మేష్టారు. ముప్పై ఏళ్ళు ఊరందరి పిల్లలకీ చరిత్ర చెప్పిన మనిషికి సొంత చరిత్ర రాసుకోవడం ఓ లెక్కా.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఫిబ్రవరి రెండో ఆదివారం దొర దినం. ఆరాధన అయ్యాక వంశంలో మగవాళ్ళందరూ చర్చిలో ముందుకొచ్చి నిలబడతారు. ఇంటి పెద్ద పేర్లు చదువుతాడు. దొరతో మొదలుపెట్టి పోయినవాళ్ళవి ముందు, ఉన్నవాళ్ళవి తర్వాత. పేరు పిలవగానే "ఉన్నాను" అనాలి. అప్పుడు పెద్ద వాడి భుజాన కండువా వేస్తాడు. తెల్ల నూలు కండువా, అంచున నల్లటి అచ్చు. ఆ చెక్క అచ్చు దొర దగ్గరుండి చెక్కించుకున్నదే. పెడనలో కలంకారీ అద్దే ఇబ్రహీం గారింట్లో భద్రంగా ఉంది. ఎంతమంది మగాళ్ళుంటే అన్నే కండువాలు, ఒక్కటి కూడా ఎక్కువ అద్దరు. మనిషి పోతే అతని కండువాని శవపెట్టెలో మీద కప్పి పంపిస్తారు. ఆడవాళ్ళకి కండువా లేదు. ఆ పూట ముప్పై కిలోల బిర్యానీ వండే భాగ్యం మాత్రం ఉంది.

అంచులో ఐదు బొమ్మలుంటాయి. ఓ లంగరు, చేపలోంచి నడుం దాకా బయటికొచ్చిన గడ్డం మనిషి, ఓ గిన్నె, ఏడు చుక్కలు, ఒంటికాలి పక్షి. వీటిమీద మా ఆయన మూడు వారాలు ప్రసంగం చేయగలరు. చేశారు కూడా. లంగరంటే నిరీక్షణ. చేపలో మనిషి యోనా ప్రవక్త. గిన్నె ప్రభువు బల్ల గిన్నె. చుక్కలు ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాలు. పక్షి నోవహు ఓడలోంచి వదిలిన పావురం. మరి ఒంటికాలేమిటండీ అంటే "రెండోది రెక్క కింద ముడుచుకుంది" అని కసురుకునేవారు.

చదివే పేర్లలో ఇరవై రెండేళ్ళుగా ఒకటి తగ్గింది. అది మా మరిది బెన్నీది. దివిసీమలో, నాగాయలంకలో ఉంటాడు, పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆ ఏడు కాలవలో నీళ్ళు చాలక చివరి పొలాలు నెర్రెలిచ్చాయి. బెన్నీ పట్టపగలు పదిమంది చూస్తుండగా కాలవ షట్టరు తాళం పగలగొట్టి తలుపు పైకెత్తేశాడు. అడ్డొచ్చిన కాలవ కాపలా లస్కరుకి పన్నొకటి ఊడింది. మూడు నెలలు జైల్లో వేశారు. బయటికొచ్చి తిన్నగా మా ఇంటికొస్తే మా ఆయన గుమ్మంలోనే ఆపేశారు. "దొరగారి వంశంలో జైలుకెళ్ళినవాడు లేడు. వెళ్ళినవాడు ఆ వంశం కాదు" అని తలుపేశారు. నేను లోపల అన్నం వడ్డించి కూర్చున్నాను. ఆ కంచం నేనే కాకులకి పెట్టాను.

మొన్న జనవరిలో బెన్నీ ఫోన్ చేశాడు. విజయవాడలో గుండెకి స్టెంట్ వేయించుకుని వచ్చాడట. "బానే ఉన్నా వదినా. ఓ మాట. ఈసారికి దొర పోయి నూట డెబ్బై ఐదేళ్ళు కదా. నాకో కండువా తీసిపెట్టగలవా? భుజానికక్కర్లేదులే. పెట్టెలోకి."

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాను, ఎంత తుడిచినా తడి ఆగదే. అప్పుడనుకున్నాను, వాడికి కండువా ఇప్పించి తీరాలని, దొంగతనం చేసైనా సరే.

దొర దినానికి ముందు శుక్రవారం కండువాలు తెస్తానని చెప్పి పెడన బయల్దేరాను. మా మనవరాలు ప్రియని వెంట తీసుకెళ్ళాను. మా పెద్దాడు శామ్యూల్ రాజ్ కూతురు, విజయవాడలో ఎమ్మే చదువుతోంది. ఈ నూట డెబ్బై ఐదేళ్ళ పండక్కి వేసే పుస్తకంలో దొర చరిత్ర రాసే పని దానికప్పజెప్పారు వాళ్ళ తాతయ్య. ఇది తు.చ. తప్పకుండా చేసే రకం. ఇంగ్లండులో మిషనరీల కాగితాలుండే చోటికి రాస్తే అలాంటి పేరే లేదన్నారట. ఓడల్లో వచ్చినవాళ్ళ వివరాలు ఆస్ట్రేలియాలో కూడా ఉంటాయని ఎవరో చెబితే అక్కడికీ రాసి, జవాబు కోసం ఎదురుచూస్తోంది.

ఇబ్రహీం గారి షెడ్డులో అడుగుపెట్టగానే గుడ్డ నానబెట్టే కరక్కాయ వాసన, గేదెపాల వాసన. పొట్టి బల్ల మీద ఆఖరి కండువాకి అచ్చు వేస్తున్నారాయన. నేను డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను. "ఇబ్రహీం గారూ, ఇరవై మూడు కాదు, ఇరవై నాలుగు కావాలి."

"మేష్టారు ఇరవై మూడన్నారండీ."

"ఆయనకి లెక్కలు రావు. సోషల్ కదా."

ఇబ్రహీం గారు అచ్చు పక్కన పెట్టారు. "బెన్నీ బాబు కోసమని తెలుసండీ. ఏటా లెక్క చెప్పినప్పుడల్లా నాకూ గుర్తొస్తాడు. కానీ ఈ అచ్చు మా ఇంట్లో ఉందన్నమాటే గానీ మాది కాదండీ. మీ ఇంటి పెద్ద నోటితో చెప్తేనే గుడ్డ మీద పెడతాం. మా తాత అలాగే చేశాడు, మా నాన్న అలాగే చేశాడు. నన్ను మాట తప్పమనకండి."

నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచి మనిషిని తిట్టడానికి తిట్టు దొరక్క ఇంకా మండింది. ఇంతలో ప్రియ ఫోన్ చూసుకుంటూ "నానమ్మా, ఆస్ట్రేలియా వాళ్ళు" అంది. దాని మొహం ఎలాగో అయిపోయింది.

"చదువు" అన్నాను.

"విలియం పెగ్లర్. వయసు పంతొమ్మిది. నేరం..." ఆగి మళ్ళీ చూసుకుంది. "నేరం, తొమ్మిది బాతులు దొంగిలించడం. శిక్ష, ఏడేళ్ళు ద్వీపాంతరం. ఓడలో సిడ్నీ చేర్చారు, 1830."

"వేరే పెగ్లరేమోనే."

"ఊరు అదే నానమ్మా, సమాధి మీదున్నదే. ఖైదీ పారిపోతే పట్టుకోవడానికి ఒంటి మీద గుర్తులు రాసుకునేవాళ్ళట, అవి కూడా పంపారు. ఎడమ చేతి మీద పచ్చబొట్లు: లంగరు..."

ఇబ్రహీం గారు తలాడించారు. "చేప ఆడమనిషి" అన్నారు నెమ్మదిగా.

ప్రియ ఉలిక్కిపడి చూసింది. "అవును. మత్స్యకన్య. బట్టల్లేకుండా. తర్వాత బీరు మగ్గు."

"కుడి చేతి మీద ఏడు చుక్కలు, పిట్ట. పిట్టకి ఒక కాలు పొడవడం పూర్తి కాలేదు" అని ఆయనే ముగించారు. "మా ముత్తాత తాతకి దొరగారు చొక్కా చేతులు పైకి మడిచి చూపించారటండీ, ఇవే చెక్కు అని. మా పెద్దాయన అయిదు పూటలా నమాజు చేసే మనిషి. బట్టల్లేని ఆడదాన్ని చెక్కనన్నాడు. చొక్కా తొడిగాడు, జుట్టు కురచ చేశాడు. అయినా అనుమానంగా ఉందని గడ్డం కూడా పెట్టాడు. మేష్టారు దాన్ని ప్రవక్త అంటుంటే మంచి మాటే కదా అని మేం ఊరుకున్నాం."

యోనా ప్రవక్త. ప్రభువు బల్ల గిన్నె. మూడు వారాల ప్రసంగం, అందులో రెండో వారం నన్ను గిన్నె గురించి సాక్ష్యం కూడా చెప్పమన్నారు, చెప్పాను. నవ్వు పొట్టలో పుట్టి మోకాళ్ళలోకి దిగింది. నిలబడలేక వెనక్కి తూలి, దొరికిన చోట కూలబడ్డాను. అది బల్ల. బల్ల మీద ఇప్పుడే అచ్చేసిన కండువా. నా లేతపసుపు చీర వెనకాల లంగరూ, యోనా సగమూ పడ్డాయి. ప్రియ నన్ను లేపబోయి తనూ నేలమీద కూర్చుండిపోయింది. ఇబ్రహీం గారి భార్య ఖాసింబీ టీ గ్లాసులతో వచ్చి, మా ఇద్దర్నీ చూసి, సంగతేమిటో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టింది.

పాడుచేసిన కండువా బదులు ఇంకోటి అద్దారు ఇబ్రహీం గారు. ఇరవై మూడే.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అద్దం ముందు ప్రసంగం సాధన చేస్తున్నారు. హాల్లో ఫ్లెక్సీ పరిచి ఉంది, 'ప్రథమ సువార్తికుడు పెగ్లర్ దొరగారు' అని. దారిపొడుగునా నవ్విన నేను ఆ ఫ్లెక్సీ చూడగానే ఆగిపోయాను. మనిషి డెబ్బై రెండేళ్ళుగా ఓ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఆ గోడ తీసెయ్యాలంటే నాకు చెయ్యి రాలేదు. కానీ బెన్నీ కూడా గుర్తొచ్చాడు. "చదవవే" అన్నాను ప్రియతో.

మొదట ఆయన ఒప్పుకోలేదు. లంగరు ఎవడి చేతి మీదైనా ఉంటుందన్నారు. చుక్కలు కూడా అంతే అన్నారు. ఒంటికాలి పిట్ట దగ్గరికొచ్చేసరికి కుర్చీలో కూర్చున్నారు.

"బాతులా?" అన్నారు.

"తొమ్మిది" అంది ప్రియ.

"తర్వాత?"

"రెండుసార్లు పారిపోయాడు తాతయ్యా. పట్టుకుని మొదటిసారి యాభై కొరడా దెబ్బలు. రెండోసారి యాభై, ఆపైన కాళ్ళకి గొలుసులేసి ఏడాది రోడ్డు పని. ఎక్కడికి పారిపోతున్నావని అడిగితే, నడిచి ఇంటికెళ్తున్నానన్నాడట."

"నడిచా? సిడ్నీ నుంచి ఇంగ్లండుకా?" మా ఆయన లేచి నిలబడ్డారు. దొంగతనానికి రాని కోపం అప్పుడొచ్చింది. "మధ్యలో సముద్రముందని తెలీదా ఆ మనిషికి? ఓడలోనే కదా వచ్చాడు. మ్యాపు చూసిన మొహమేనా?"

నేను పమిట నోట్లో కుక్కుకున్నాను.

"శిక్ష అయిపోయాక గుర్రాల ఓడలో పనివాడుగా మద్రాసు వచ్చాడు. అక్కడితో వాళ్ళ కాగితాలు ఆగిపోయాయి" అంది ప్రియ. "ఇంకొకటుంది. వాళ్ళమ్మ రాజుగారికి అర్జీ పెట్టింది, మా అబ్బాయిని వెనక్కి పంపండని. ఊళ్ళోవాళ్ళు పదకొండు మంది వేలిముద్రల్లాగా గుర్తులు పెట్టారు. వాళ్ళన్నయ్య పేరు కూడా రాశారు, పక్కన సంతకానికి చోటు వదిలి. అది ఖాళీగా ఉంది."

మా ఆయన ఫోన్ అడిగి తీసుకుని ఆ ఖాళీ వంక చాలాసేపు చూశారు. ఆ పూట భోజనం చెయ్యలేదు. చేపల పులుసు ఉండి కూడా చెయ్యలేదంటే నాకు భయమేసింది. బీపీ చూశాను. మర్నాడు పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి మధ్యాహ్నానికొచ్చారు. ఎక్కడికంటే చెప్పలేదు. నేను కూడా నాగాయలంకకి ఫోన్ చేసిన సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. బెన్నీ ఆఖరి బెంచీలో గోడవారన కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగు కిలోలు తగ్గి. పక్కన ఇబ్రహీం గారు. ఆయన చేతి మీద ఏదో తెల్లగుడ్డ, నేలమీదకి చుక్కలు పడుతున్నాయి. నేను ఆడవాళ్ళ వైపు నుంచి మెడ తిప్పి తిప్పి చూస్తుంటే పాస్టరమ్మగారు నన్ను మోచేత్తో పొడిచింది.

ఆరాధన అయింది. మగవాళ్ళు వరసగా నిలబడ్డారు. మా ఆయన కాగితం తీసి కళ్ళజోడు సర్దుకున్నారు. వెనకాల ఫ్లెక్సీలో ప్రథమ సువార్తికుడు వెలిగిపోతున్నాడు.

"పెగ్లర్ దొర" అని చదివారు. "నేరం, తొమ్మిది బాతుల దొంగతనం. శిక్ష, ఏడేళ్ళు ద్వీపాంతరం, నూరు కొరడా దెబ్బలు. పూర్తయింది."

పాస్టరుగారు ఫ్లెక్సీ వంక చూసి, మా ఆయన వంక చూసి, మళ్ళీ ఫ్లెక్సీ వంక చూశారు.

"సమాధి మీద అబద్ధం లేదు. అబద్ధాలన్నీ నేను చెప్పినవే. కండువా మీదున్నది గిన్నె కాదు, బీరు మగ్గు. ఆ ప్రసంగం విన్నవాళ్ళందరూ క్షమించాలి." ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. అది నేనే. మా ఆయన నా వైపు చూశారు. పోయినవాళ్ళ పేర్లు మామూలుగా చదివేసి, ఉన్నవాళ్ళ దగ్గరికొచ్చారు. "శామ్యూల్ రాజ్."

మావాడు "ఉన్నాను" అనబోయి ఆగాడు. తండ్రి చదివింది విన్నాక వట్టి ఉన్నాను అనడానికి నోరు రాలేదనుకుంటాను. "ఉన్నాను. ఇంటర్లో ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టాను" అన్నాడు. వాడు గుడివాడ కాలేజీలో లెక్చరరు. వాడి స్టూడెంట్లు ముగ్గురు అక్కడే ఉన్నారు.

అంతే, గట్టు తెగింది. తర్వాతి వాడు హెల్మెట్ లేకుండా పట్టుబడి కానిస్టేబులుకి తమ్ముడి పేరు చెప్పానన్నాడు. ఆ తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. ముదినేపల్లిలో చేపల చెరువులున్న కాలం చేసిన మా బావగారి అబ్బాయి పక్క చెరువు గట్టు రెండడుగులు జరిపానన్నాడు. "రెండు కాదు, నాలుగు" అని బెంచీల్లోంచి హరిబాబు గారు లేచారు, పక్క చెరువు ఆయనదే. ఎనభై దాటిన మా చినమావయ్యగారు మైకు దగ్గరికొచ్చి, "నాదుంది గానీ చెప్తే మీ పిన్ని వింటుంది" అని వెనక్కెళ్ళిపోయారు. పిన్నిగారు లేచి ఇప్పుడే చెప్పమంది. పాస్టరుగారు కీర్తన ఎత్తుకోబోయి నవ్వాగక కూర్చున్నారు. నేను పూర్తిగా పనికి రాకుండా పోయాను.

"బెన్నీ" అని చదివారు మా ఆయన.

నవ్వు దానంతటదే తగ్గింది.

"నేరం, కాలవ షట్టరు ఎత్తడం, లస్కరు పన్ను ఊడగొట్టడం. శిక్ష, మూడు నెలలు." కాగితం మీంచి తలెత్తారు. "ఇరవై రెండేళ్ళ కిందటే పూర్తయింది."

"ఉన్నాను" అన్నాడు బెన్నీ ఆఖరి బెంచీలోంచి. లేవలేకపోయాడు. ఇబ్రహీం గారే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, చేతి మీది కండువా మా ఆయనకి అందించారు. నిన్న మేష్టారే పెడన వచ్చి ఇంకొకటి అద్దమన్నారనీ, ఉతికాక ఆరడానికి టైము చాల్లేదనీ అందరికీ వినబడేలా సంజాయిషీ చెప్పుకున్నారు. తడి కండువా భుజాన పడగానే బెన్నీ ఇస్త్రీ చొక్కా మీదుగా నల్లనీళ్ళు కారాయి.

పేర్లు అయిపోయాయి. ఎప్పుడూ చివర్లో మా ఆయన తన పేరు తనే చదువుకుని తన కండువా తనే వేసుకుంటారు.

"దేవదానం. నేరం, జైలు నుంచొచ్చిన తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టి తలుపేయడం. శిక్ష..." కాగితం దగ్గరగా పెట్టుకున్నారు. "ఇక్కడేమీ రాసుకోలేదు."

బెన్నీ ముక్కు తుడుచుకున్నాడు. "నేను రాయనా అన్నయ్యా?"

"రాయి."

"ద్వీపాంతరం. సముద్రం దాటించే శక్తి నాకు లేదు గానీ పులిగడ్డ దగ్గర కృష్ణపాయ దాటిస్తాను. ఏడేళ్ళంటే మనిద్దరికీ టైము లేదు. ఏడు రోజులు మా ఇంట్లో ఉండాలి. మా ఆవిడ చేసిన పీతలిగురు తినాలి, వంక పెట్టకూడదు."

మా ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "అప్పీలుందా?" అన్నారు.

"లేదు" అన్నాను ఆడవాళ్ళ వైపు నుంచి.

సోమవారం పొద్దున్నే బస్సెక్కి మోపిదేవి మీదుగా పాయ దాటి నాగాయలంక చేరాం. మా ఆయన తనకి పీతలు పడవనేవారు, పడ్డాయి. పాత ప్రపంచ పటమొకటి బెన్నీ ఇంటి గోడకి తగిలించి సిడ్నీ ఎక్కడుందో వీధిలో వాళ్ళందరికీ చూపిస్తున్నారు. పొద్దున బెన్నీ ఇంజను విప్పుకుంటుంటే పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడనంత చప్పుడు ఆ ఇంజన్లది.

ఇవాళ పదకొండో రోజు. శామ్యూల్ రాజ్ ఫోన్ చేసి, శిక్ష నాలుగు రోజుల కిందటే అయిపోయింది కదా, ఇంటికెప్పుడొస్తారు నాన్నా అనడిగాడు.

"శిక్ష అయిపోయినవాళ్ళందరూ ఇంటికెళ్తారట్రా? దొర వెళ్ళాడా?" అని ఫోన్ నా చేతికిచ్చేసి, బెన్నీ అడిగిన స్పానరు కోసం పెట్టెలో వెతకడం మొదలుపెట్టారు.